దొరికినంక వెతుకుడు

కంప్యూటర్ రికార్డు రూముకు వచ్చిన రోజు యాకమ్మ దాని ముఖం చూడలేదు. దాని వెనక నుంచి గోడ దాకా పాకిన నల్లటి వైరును చూసింది. చూసి, బల్ల కింద చాపిన కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుంది.

“బిడ్డా, ఇది షాకు కొట్టదు గద?”

“ఫ్యాను కొడుతాందా? లైటు కొడుతాందా? ఇది సుత గంతే అవ్వా,” అంది సుగుణ.

“ఫ్యాను మీద వేళ్ళు పెట్టి కూసుంటమా ఏంది?”

ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఖాజా పాషా కళ్ళజోడు పైకి నెట్టుకుని నవ్వాడు. “నీ తల్లి అడిగిన దాంట్ల తప్పేం లేదమ్మా,” అన్నాడు. సుగుణ నవ్వలేదు. తనతో చదివే ముగ్గురు పిల్లగాండ్లు వెనకే నిలబడి వింటున్నారు. తల్లి పనిచేసే చోటికే కాలేజీ ప్రాజెక్టు తెచ్చుకోవడం ఎంత తప్పో ఆ పిల్లకు మొదటి రోజే తెలిసొచ్చింది.

అది ఎనభై ఏడో సంవత్సరం, వానలు మొఖం చాటేసిన ఆషాఢం.

యాకమ్మకు భయపడడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. మొగుడు రామలింగం ధాన్యం మార్కెట్లో హమాలీ. అతను ఇంటికి రావడం గంట ఆలస్యమైతే బస్తా మీద పడ్డదనే అనుకుంటుంది. సుగుణ సైకిలెక్కి ఇంజనీరింగ్ కాలేజీకి పోతే, మళ్ళీ ఆ సైకిలు గంట వినబడేదాకా ఆమెకు లారీలు తప్ప మరేవీ కళ్ళముందు మెదలవు. ఏడో తరగతి దాకా చదివింది గనుక పేపరు చదవగలదు. పేపరు చదవగలదు గనుక భయాలకు కొదువ లేదు. సుగుణ పరీక్ష రాసి వచ్చిన ప్రతిసారీ, ఫెయిలైతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకునేది. ఒక కుట్టు మిషను కొనాలి, అంతే. ఆ పిల్ల ఇప్పటిదాకా ఒక్కదాంట్లోనూ ఫెయిల్ కాలేదు. అయినా ఆ కుట్టు మిషను మాత్రం యాకమ్మ మనసులో ఒక మూలన ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

రికార్డు రూమంటే పెద్దగా ఊహించుకోవద్దు. హన్మకొండలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే కాన్పుల దవాఖాన అది. వెనక వైపు పొడుగాటి గది, ఆ గది నిండా ఇనుప అరలు. కాన్పుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒక కాయితం ఉంటుంది. ఎన్నో నెల, రక్తం ఏ రకం, తొలి కాన్పు మామూలుదా ఆపరేషనా, అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. ఆ మనిషి మళ్ళీ వస్తే పాత కాయితం వెతికి డాక్టరమ్మ దగ్గరికి పంపాలి. వెతికేది ముగ్గురు: పాషా, యాకమ్మ, మల్లక్క.

కాయితానికి ఎర్ర సిరాతో ఒక నంబరుంటుంది. ఆ నంబరు రాసిన చీటీ మనిషి చేతికిస్తారు. ఆ చీటీ ఎవరి దగ్గరా ఉండదు. తడిసిపోయిందంటారు, పిల్లగాడు నమిలిండంటారు, తల్లిగారింట్లో పెట్టెలో ఉందంటారు. అందుకని పాషా వయసులో ఉన్నప్పుడే ఒక పద్ధతి పెట్టాడు. కాయితాలన్నీ బస్సు తోవల ప్రకారం. నర్సంపేట తోవ ఒక వరస, ఏటూరునాగారం తోవ ఒక వరస, పరకాల తోవ ఒకటి, జనగామ తోవ ఒకటి. ప్రతి తోవలో ఊరికొక మూట, పాత చీర గుడ్డలో కట్టింది. మనిషి రాగానే “ఏ బస్సుకొచ్చినవ్?” అని అడుగుతారు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు మాటలు అడుగుతారు. లేచి పోయి కాయితం తెస్తారు. ఇంత సులువుగా ఎట్లా దొరుకుతుందో వాళ్ళు ముగ్గురూ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇక కంప్యూటర్ సంగతి. దాన్ని ఎవరో దాత ట్రస్టుకిచ్చాడు. ఆరు నెలలు పెద్ద డాక్టరు సరస్వతమ్మ గదిలో ముసుగేసుకుని కూర్చుంది. సుగుణ వాళ్ళకు పాఠం చెప్పే సారంగపాణి సారుకు ఈ సంగతి తెలిసింది. కాలేజీలో మిగతా సార్లు మెషీన్ గురించి చెప్తే, ఈ సారు మెషీన్ ముందర కూర్చునే మనిషి గురించి చెప్తాడట. ఒక ఆఫీసుకు కొత్త వస్తువొస్తే అక్కడివాళ్ళు దాన్ని ఎట్లా చూస్తారు, ఎట్లా దగ్గరికి తీస్తారు, ఎందుకు మూలకు పడేస్తారు, ఇదీ ఆయన పాఠం. పరీక్ష కూడా వింతే. నలుగురేసి పోయి ఒక ఆఫీసుకు కంప్యూటర్ పని పెట్టాలి. పెట్టి బయటికి వచ్చెయ్యాలి.

“మీరు పక్కనుంటే అందరూ వాడతారు. మీరు లేనప్పుడు వాడితేనే మీకు మార్కులు,” అన్నాడట.

సుగుణ వాళ్ళు రెండ్రోజులొచ్చి గదంతా చూశారు. అచ్చు కొట్టించిన ఫారం తీసుకుపోయారు. ఆ ఫారంలో ఉన్నవే కంప్యూటర్ అడిగేటట్టు చేశారు: నంబరు, పేరు, వయసు, భర్త పేరు, ఊరు. రెండు నెలలు కూర్చుని నాలుగు వేల కాయితాలు అందులోకి ఎక్కించారు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఒక అట్ట మీద బొమ్మ గీసి గోడకు తగిలించారు. భాద్రపదం మొదట్లో వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయిన మర్నాడే మల్లక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె దేనికీ భయపడని మనిషి. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ సారలమ్మ అని కొట్టింది. మెషీన్ కాసేపు గురగురమని యాభై మూడు మంది సారలమ్మలను చూపించింది.

“జాతరల సుత ఇంతమంది కనవడరు గదనే!” అంది మల్లక్క. వచ్చినామె చెప్పిన ఊరు కొట్టింది. దొరకలేదని వచ్చింది. వయసు కొట్టింది. మళ్ళీ దొరకలేదు. బెంచీ మీదున్న ఆడవాళ్ళు గొణుగుడు మొదలుపెట్టారు. పాషా లేచి ఆమెను రెండు మాటలడిగి మూట విప్పి కాయితం తెచ్చిచ్చాడు. మల్లక్క కంప్యూటర్ మీద ముసుగు కప్పేసి, “పండుకో తల్లీ,” అంది.

మూడు రోజులు గడిచాయి. సుగుణ సాయంత్రం వచ్చి మెషీన్‌లో ఏదో చూసుకుంది. ఎన్నిసార్లు వెతికారో, ఎన్నిసార్లు దొరికిందో ఆ మెషీనే లెక్క పెట్టుకుంటుందట. వంద మంది వస్తే రెండుసార్లు కూడా వెతకలేదు. ఆ పిల్ల ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచింది.

“ఏమైంది బిడ్డా?”

“ఏం గాలే. నెలాఖరుకు సారొస్తడు. లెక్క చూస్తడు. మా నలుగురికి సున్నా ఏస్తడు.”

“సున్నా ఏస్తే?”

“ఫెయిల్. సంవత్సరం పోతది.”

ఇన్నేళ్ళు యాకమ్మ మనసు మూలన ఉన్న కుట్టు మిషను నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చినట్టనిపించింది.

మర్నాడు దవాఖానలో ఆమె ఒక ఉపాయం చెప్పింది. తమ పద్ధతిలోనే కాయితం తీయాలి. తీసినాక దాని మీద ఎర్ర సిరా నంబరుంటుంది కదా, ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టాలి. నంబరు కొడితే ఎప్పుడూ తప్పకుండా దొరుకుతుంది. లెక్కలోకి ఎక్కుతుంది.

మల్లక్క నోట్లో తమలపాకు అట్లాగే ఆగిపోయింది. “ఏందేందీ? కాయితం చేతులున్నంక మళ్ళ దాన్ల వెతకాల్నా? దొరికినంక వెతుకుడేందే యాకమ్మా?”

“జర నా కోసం అక్కా. నెల దినాలు.”

“సంటి పిల్లను సంకల వెట్టుకొని ఊరంత తిరిగినట్టు…”

“మల్లక్కా, ఊకో,” అన్నాడు పాషా. అతనికి ముగ్గురు కొడుకులు, కూతుళ్ళు లేరు. సుగుణ చిన్నప్పుడు ఈ గదిలోనే మూటల మధ్య పడి నిద్రపోయేది. “మన పిల్ల పాస్ గావాలె. ఫికర్ చెయ్యకు చెల్లె. నాలుగు మీటలు నొక్కుతే వేళ్ళరిగిపోవు.”

ఆ రోజు నుంచి ముగ్గురూ అదే పని. కాయితం తేవడం, నంబరు కొట్టడం, తెర మీద పేరు రాగానే తలూపడం. మొదట్లో వచ్చే అనుమానమంతా పోయి, వేళ్ళు అంకెల మీద చకచకా పరుగెత్తడం నేర్చుకున్నాయి. మల్లక్కయితే కొట్టి కొట్టి, “దొరికిందమ్మా, ఇందాకనే దొరికింది, మళ్ళ దొరికింది,” అని వెక్కిరించేది. మెషీన్‌లో లెక్క పెరిగింది. సుగుణ ముఖం విప్పారింది. అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది. యాకమ్మ ఆ కంచం వైపు చూసి, తాను చేసిందాంట్లో తప్పేముందిలే అనుకుంది.

నెలాఖరున సారంగపాణి సారు వచ్చాడు. పక్కన పెద్ద డాక్టరు సరస్వతమ్మ. సారు సన్నగా ఉన్నాడు, చొక్కా జేబులో మూడు పెన్నులు. మెషీన్ లెక్క చూశాడు. వందకు తొంభై నాలుగు.

“ఆశ్చర్యంగా ఉందండీ,” అన్నాడు డాక్టరమ్మతో. “మిగతా ఆఫీసుల్లో ముప్పై దాటలేదు.”

యాకమ్మ నేల చూసింది. పాషా కళ్ళజోడు తుడుచుకున్నాడు. మల్లక్క గట్టిగా దగ్గింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. డాక్టరమ్మ చాలా సంతోషపడి, చుట్టూ అరల వైపు చేయి ఊపింది. “అట్లయితే ఇంక ఈ పాత గుడ్డ మూటలెందుకు? సోమవారం నుంచి మూటలన్నీ విప్పి కాయితాలు నంబరు ప్రకారం పెట్టేయండి. కంప్యూటర్ నంబరు చెప్తుంది, మీరు తీసిస్తారు. పాషా సాబ్, ఇంక మీకు ఇక్కడ పనుండదు. దుప్పట్ల స్టోరు చూసుకోండి.”

పాషా “జీ మేడం” అన్నాడు.

యాకమ్మకు అప్పుడు తట్టింది. కంప్యూటర్‌కు నంబరు తెలిసేది తాము కొట్టినందుకు. తాము కొట్టగలిగేది మూటలో నుంచి కాయితం తీసినందుకు. మూట లేకపోతే కాయితం లేదు, కాయితం లేకపోతే నంబరు లేదు. ఈ వలయం మొత్తం ఆ గదిలో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారం పొద్దున్నే పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మాడు వాసనకు రామలింగం వచ్చి గిన్నె దించాడు. అన్నాల దగ్గర సుగుణకు చెప్పాలనుకుంది. “బిడ్డా, గా లెక్కున్నది సూడు…” అని మొదలుపెట్టింది కూడా.

“తొంభై నాలుగవ్వా! మా సారు మంగళవారం మార్కులు పంపుతడు. క్లాసుల మా దవాఖాన గురించే చెప్తడట!” ఆ పిల్ల నవ్వుకుంటూ మాడిన పప్పును కూడా తినేసింది. యాకమ్మ నోటి దాకా వచ్చిన మాటను మింగి, మజ్జిగ పోసింది.

సోమవారం పది గంటలకు ఇద్దరు వార్డుబాయిలు నిచ్చెన తెచ్చి మూటలు దించడం మొదలుపెట్టారు. అప్పుడే కిటికీ దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఎనిమిదో నెల, కాళ్ళు వాచి ఉన్నాయి. పక్కన అత్త. పేరు సారలమ్మ. నర్సంపేట బస్సుకొచ్చారు. చీటీ లేదు.

యాకమ్మ ఆ రోజు మొదటిసారి నిజంగా కంప్యూటర్‌ను అడిగింది. పేరు కొట్టింది, భర్త పేరు కొట్టింది, ఊరు కొట్టింది. దొరకలేదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. దొరకలేదు.

“తొలి కాన్పు ఏడ బిడ్డా?” అని అడిగింది.

“ఈడనే.”

“అప్పుడు ఏ బస్సుకొచ్చినవ్? తల్లిగారిల్లేడ?”

“ఏటూరునాగారం తోవల,” అని ఆ పిల్ల ఊరి పేరు కూడా చెప్పింది.

తొలి కాన్పుకు ఎవరైనా పుట్టింటికే పోతారు. కాయితం మీద అప్పుడు పుట్టింటి ఊరే రాసుకుంటారు, తోడొచ్చిన తండ్రి పేరే రాయిస్తారు. రెండోసారి అత్తగారింటి నుంచి వస్తారు, ఆ ఊరు చెప్తారు. అదే మనిషి, కాయితం మాత్రం వేరే తోవలో ఉంటుంది. ఆ గదిలో ముగ్గురూ ఆ ప్రశ్న అడగకుండా ఏ రోజూ లేవలేదు. ఫారంలో మాత్రం ఊరికి ఒక్కటే గడి.

యాకమ్మ ఏటూరునాగారం వరసకు పరుగెత్తింది. వార్డుబాయి అప్పుడే ఆ వరసకు నిచ్చెన వేసి ఎక్కుతున్నాడు. “దిగు! దిగరా ముందు!” అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని అక్కడ ఎవరికీ తెలియదు. మూట విప్పి కాయితం తీసింది. దాని పైన ఎర్రగా రాసి ఉంది: తొలి కాన్పు ఆపరేషన్, రక్తం చాలా పోయింది, మళ్ళీ వస్తే ముందే రక్తం సిద్ధం చేసుకోవాలి.

కాయితం డాక్టరు గదికి పంపి యాకమ్మ విప్పిన మూట వైపు చూసింది. రేపు ఈ మూట ఉండదు. ఇంకొక సారలమ్మ వస్తుంది. మెషీన్ దొరకలేదంటుంది. కొత్త కాయితం రాస్తారు, దాని మీద ఈ ఎర్ర మాట ఉండదు. ఎప్పుడూ లేనిపోని చావులు ఊహించుకుని ఏడ్చే యాకమ్మకు ఇది ఊహలాగా అనిపించలేదు. ఫలానా బెడ్డు, ఫలానా టైము అన్నంత సాఫుగా కనబడింది.

“పాషా భాయి, నేను కాలేజీకి పోయొస్త. నేనొచ్చేదాక…” అని అరల వైపు చూసింది.

పాషా ఆమె ముఖం చూశాడు. “పో చెల్లె. ఈడ నేనున్న,” అన్నాడు.

కాజీపేట వైపు పోయే బస్సెక్కి కాలేజీ గేటు దగ్గర దిగింది. ఎప్పుడూ లోపలికి రాలేదు. ముగ్గురిని అడిగి క్లాసు కనుక్కుంది. తలుపు దగ్గర నిలబడితే, నల్లబోర్డు మీద పెద్దగా తొంభై నాలుగు రాసి ఉంది. సారు చెప్తున్నాడు. “కొత్త మెషీన్ వస్తే మనిషి మొదట భయపడతాడు. తర్వాత తిడతాడు. అవసరం తీరుతుందని తెలిస్తే వాడతాడు. ఈ దవాఖానలో అది నెల రోజుల్లోనే ఎందుకు జరిగిందో…”

“సారూ,” అంది యాకమ్మ.

నలభై తలకాయలు తిరిగాయి. రెండో బెంచీలో సుగుణ చేతిలోని పెన్ను కిందపడింది.

“గా తొంభై నాలుగు తుడిచెయ్యుండ్రి. అది అబద్ధం. నేనే చేయించిన.”

ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు కాయితం తీయడం, తర్వాత నంబరు కొట్టడం. చెప్తుంటే వెనక ఎవరో పిల్లగాడు కిసుక్కున నవ్వాడు. సారు అతని వైపు చూడగానే ఆపేశాడు.

“ఎందుకు చేశారమ్మా?”

“మా బిడ్డ ఫెయిలైతదని.”

“మరిప్పుడు ఎందుకు చెప్తున్నారు? మార్కులు రేపే పంపేవాణ్ణి.”

“మూటలు విప్పుతాండ్రు సారూ. కాయితం దొరకకుంటే ఎవరి బిడ్డనో పానం పోతది. మా బిడ్డ ఫెయిలైతే మళ్ళ రాస్తది.”

సారు కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, అంచు పట్టుకుని నిలబడింది. మెషీన్‌కు దొరకనిది మీకెట్లా దొరుకుతుందని అడిగాడు. ఆమె బస్సు తోవలు, తొలి కాన్పు, తల్లిగారిల్లు, అన్నీ చెప్పింది.

“కానీ ఫారంలో ఊరు ఒకటే ఉంది కదా?” అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

“ఫారం కొట్టిచ్చినోళ్ళు ఎన్నడన్న కాన్పుకు పోయిన్రా బిడ్డా?” అంది యాకమ్మ.

ఈసారి క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, కానీ నవ్వు తొందరగానే ఆగింది. “సుగుణా, లే. మీరు నలుగురు రెండ్రోజులు పోయి ఏం చూశారు?”

“ఫారం చూసినం సార్.”

“మనుషుల్ని?”

సుగుణ కిందపడ్డ పెన్ను వైపు చూసింది.

“మీ అమ్మ ఆ గదిలోనే పనిచేస్తుంది. ఇంట్లో అన్నం తినేటప్పుడైనా, కాయితం ఎట్లా వెతుకుతావని ఒక్కరోజు అడగలేదా?”

“లేదు సార్.”

సారు డస్టరు తీసుకుని తొంభై నాలుగు తుడిచాడు. “నేను కూడా అడగలేదు. లెక్క చూసి వెళ్ళిపోయాను. మీ నలుగురి మార్కులు ఆపుతున్నాను. నలభై రోజులిస్తాను. అప్పుడు వచ్చి రోజంతా అక్కడే కూర్చుంటా.” తర్వాత ఆఫీసు గదికి పోయి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

బయటికొచ్చాక సుగుణ సైకిలు నడిపిస్తూ తల్లి పక్కన బస్టాపు దాకా నడిచింది. బస్సు కనబడ్డాక అంది, “అందరి ముందట జెప్పకుంటే, నాకు జెప్తే అయిపోవు గద.”

“నిన్న జెప్పవోయిన. నువ్వు నవ్వుకుంట తినవడితివి.”

సుగుణ ముఖం అటు తిప్పుకుంది.

దవాఖానకు పోయేసరికి డాక్టరమ్మ గుమ్మంలోనే ఉంది. “నన్ను సుత మోసం చేసినవ్ యాకమ్మా,” అంది. మెమో ఇచ్చింది. యాకమ్మ దాన్ని రెండుసార్లు చదివి రవికెలో దోపుకుంది. నౌకరీ పోయినట్టేనని నిశ్చయించుకుని లోపలికి పోయింది. లోపల వార్డుబాయిలు గోడకానుకుని బీడీ కట్టల్లా ముడుచుకుని కూర్చున్నారు. పాషా నేల మీద కూర్చుని పొద్దుటి మూటే ఇంకా విప్పుతున్నాడు.

“ముడి బాగ గట్టిగున్నది చెల్లె,” అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు సుగుణ రికార్డు రూములో కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మెషీన్ ముట్టలేదు. తల్లి ఏమడుగుతుందో, పాషా ఏమడుగుతాడో, మల్లక్క ఏం తిడుతుందో నోట్‌బుక్కులో రాసుకుంది. మొదటి రెండు రోజులు తల్లితో ముభావంగానే ఉంది. మూడో రోజు, “అవ్వా, పెండ్లయినంక పేరు మారిన వాళ్ళను ఎట్ల పట్టుకుంటరు?” అని అడిగింది. యాకమ్మకు ఎవరూ ఎన్నడూ వేయని ప్రశ్న అది. “తోడు ఎవరొచ్చిండ్రో అడుగుత బిడ్డా. తల్లి వస్తే పాత పేరు పిలుస్తది, అత్త వస్తే కొత్త పేరు,” అంది.

మెషీన్ అడిగే ప్రశ్నలు మారాయి. ముందు బస్సు తోవ. తర్వాత తొలి కాన్పు, తల్లిగారి ఊరు. నంబరు అడగడం చివరికి పోయింది. జవాబు కూడా పాషా చెప్పినట్టు మార్చారు: ఫలానా తోవ, ఫలానా అర, ఫలానా ఊరి మూట. మూటలు మూటలుగానే ఉన్నాయి. నాలుగు వేల కాయితాలకూ తల్లిగారి ఊళ్ళు మళ్ళీ ఎక్కించేసరికి ఆ పిల్లగాండ్ల వేళ్ళు వాచాయి. తెలియనివి పాషా నోటికి చెప్తుంటే రాసుకున్నారు. దుప్పట్ల స్టోరు మాట గానీ, మెమో మాట గానీ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నలభయ్యో రోజు సారు తొమ్మిదింటికే వచ్చి పేషెంట్ల బెంచీ మీద కూర్చున్నాడు. సుగుణ వాళ్ళు లోపలికి రాకూడదు. రోడ్డవతల చాయ్ హోటల్లో ఉన్నారు. యాకమ్మను ఎవరికీ ఏమీ చెప్పొద్దన్నాడు. ఆమె నోరు మూసుకుంది గానీ, కళ్ళు మల్లక్కను బతిమాలుతూనే ఉన్నాయి.

మల్లక్క ఆ కళ్ళ వైపు చూడలేదు. నర్సంపేట బస్సు దిగి వచ్చిన ఒకామెను గట్టిగా అడిగింది, “తల్లిగారిల్లేడనే?” ఆమె చెప్పింది. మల్లక్క అరల వైపు లేవబోయి, ఆగింది. “ఉండు, ఇదేమంటదో సూద్దాం,” అని ఒక్క వేలితో కొట్టింది. తెర మీద వచ్చింది: పరకాల తోవ, నాలుగో అర. పోయి చూసింది. ఉంది.

“అబ్బో!” అంది మల్లక్క కాయితం ఊపుతూ. “దీనికి సుత తల్లిగారిండ్లు తెలిసినయ్!”

పాషాకు చూపు తగ్గింది, మూటల మీద పేర్లు ఆనవు. అతను కూడా రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగబోతుంటే కరెంటు పోయింది. తెర నల్లబడింది. యాకమ్మ గుండె కూడా నల్లబడింది. రెండు గంటలు రాలేదు. ముగ్గురూ పాత పద్ధతిలోనే నడిపారు. యాకమ్మ మధ్యమధ్య ఆగిపోయిన ఫ్యాను వైపు చూసి మొక్కుకుంది. సారు బెంచీ మీద చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉన్నాడు.

నాలుగింటికి లెక్క చూశాడు. ఆ రోజు వచ్చినవాళ్ళు వంద మంది. మెషీన్‌ను అడిగి తీసినవి అరవై ఒకటి. పిల్లలను పిలిపించాడు.

“సార్, కరెంటు పోకుంటే ఎక్కువొచ్చేది,” అంది సుగుణ.

“కరెంటు పోవడం కూడా ఆఫీసే. రాసుకో,” అన్నాడు సారు. మార్కుల కాయితం మీద సంతకం పెట్టాడు.

“పాసేనా సారూ?” అంది యాకమ్మ.

“పాసే అమ్మా.”

“మళ్ళ మార్చరు గద?”

“మార్చను.”

ఆమె ఇన్ని రోజులూ మెమోను దాచుకుని తిరిగిన రవికె మీద చేయి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. గేటు దాటాక సుగుణ సైకిలు ఆపి, “ఎక్కవ్వా,” అంది వెనక సీటు చూపించి.

“అరవై ఒకటంటే నౌకరిస్తరా బిడ్డా?”

“ముందు ఎక్కు.”

“నేనెక్క. అటు సూడు, లారీలొస్తానయ్.”

సుగుణ లారీల వైపు చూసింది, తల్లి వైపు చూసింది. సైకిలు దిగి హ్యాండిలు పట్టుకుని, రోడ్డు వైపు తాను ఉండి, తల్లిని లోపలి వైపు నడిపించింది.